జ్వరం తగ్గిన తరువాత

మెదడుకు సోకిన వ్యాధి నుండి బయటపడి ఒక మనిషి ఇంటికి తిరిగివచ్చిన రోజు ఆ కుటుంబానికి పండుగ రోజే. బంధువులు వస్తారు, పరామర్శిస్తారు, ప్రాణం దక్కినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెల్లించి వెళతారు. రెండు మూడు వారాలు గడిచేసరికి ఆ ఇంట్లోనే మరో రకం మాటలు మొదలవుతాయి. “మునుపటి మనిషి కాడు, ఊరికే కసురుకుంటున్నాడు” అంటుంది భార్య. “పొద్దస్తమానం పడుకునే ఉంటుంది, పని తప్పించుకోవడం నేర్చింది” అంటుంది అత్త. “చదివినది చదివినట్టే మరచిపోతున్నాడు, శ్రద్ధ లేదు” అంటాడు తండ్రి. ఇరుగుపొరుగువారు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, “గాలి సోకిందేమో, ఎవరికైనా చూపించండి” అంటారు.

ఈ మాటలన్నీ సాధారణంగా ప్రేమ గలవారి నోటి నుండే వస్తాయి. కాని ఇవే రోగిని రెండవసారి గాయపరుస్తాయి. మెదడు వ్యాధిగ్రస్తుని కోలుకోలు ఎంతవరకు సాగుతుందనేది మందుల మీద ఎంత ఆధారపడి ఉంటుందో, జ్వరం తగ్గిన తరువాత అతనిలో కనిపించే మార్పుకు ఇల్లూ సమాజమూ ఏ పేరు పెడతాయన్న దానిమీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది. మార్పును దుర్గుణమని పిలిస్తే శిక్ష వస్తుంది. గాయమని గుర్తిస్తే సంరక్షణ వస్తుంది. ఈ నెల మన పరిశీలనకు తీసుకున్న విషయం ఇదే.

ఏమిటీ వ్యాధులు?

మెదడు కణజాలానికే వాపు వస్తే దానిని మెదడువాపు వ్యాధి అంటారు. మెదడును కప్పి ఉంచే పొరలకు వాపు వస్తే అది మెనింజైటిస్. వైరస్‌లు, బ్యాక్టీరియా, క్షయ క్రిములు, కొన్ని పరాన్నజీవులు ఈ వ్యాధులకు కారణమవుతాయి.

మన తెలుగు నేలకు ఇవి కొత్త కావు. 2003వ సంవత్సరం జూన్ నుండి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు తీవ్రమైన మెదడువాపుకు గురయ్యారు. వారిలో 183 మంది మరణించారు. దోమ కంటె చిన్నదైన ఇసుక ఈగ ద్వారా వ్యాపించే చండీపుర వైరస్‌కు ఈ విషాదంతో సంబంధముందని పరిశోధకులు గుర్తించారు. మహారాష్ట్రలోని నాగపూర్ సమీపాన ఉన్న చండీపుర గ్రామంలో 1965లో మొదటిసారి కనుగొన్నందువల్ల ఆ వైరస్‌కు ఆ పేరు వచ్చింది. వరి పొలాల నీటిలో పెరిగే దోమల ద్వారా సోకే జపనీస్ మెదడువాపు మరొకటి. ఈ వ్యాధి తీవ్రరూపం దాల్చినవారిలో 30 శాతం వరకు మరణించే ప్రమాదముందని, బతికి బయటపడినవారిలో 20 నుండి 30 శాతం మందికి బుద్ధి, ప్రవర్తన, నరాలకు సంబంధించిన శాశ్వత లోపాలు మిగులుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్ నుండి కోలుకున్నవారిలోనూ ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక లోపాలు ఉండవచ్చునని అదే సంస్థ అంచనా.

మెదడు పొరలకు వచ్చే క్షయ వీటికి భిన్నంగా నెమ్మదిగా వస్తుంది. రోజుల తరబడి కొద్దిపాటి జ్వరం, తలనొప్పి, వాంతులు, చిరాకు ఉంటాయి. ఆడుకునే పిల్లవాడు ఆటమాని ఒక మూల కూర్చుంటాడు. మెడ బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం ఆ తరువాతి దశ. తొలి రోజులలోని మార్పును ఇంట్లోవారు ‘మొండితనం’ అనుకుంటే చికిత్స ఆలస్యమవుతుంది. ఈ వ్యాధిలో ఆలస్యమైన ప్రతి రోజుకూ మెదడే మూల్యం చెల్లిస్తుంది.

ఆలస్యానికి మరో కారణం భయం. మెనింజైటిస్‌ను నిర్ధారించడానికి వైద్యులు నడుము దగ్గర వెన్ను నుండి కొద్దిగా నీరు తీసి పరీక్షించాలంటారు. “వెన్నులో సూది గుచ్చితే కాళ్ళు పడిపోతాయి” అన్న అపోహతో ఎన్నో కుటుంబాలు అంగీకార పత్రంపై సంతకం చేయక వెనుకాడుతాయి. వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన ఆ సూదిని గుచ్చుతారు. పరీక్ష తరువాత కొందరికి ఒకటి రెండు రోజులు తలనొప్పి ఉండవచ్చు. వైద్యుడు రోగి స్థితిని చూసి అవసరమన్నప్పుడు ఈ పరీక్షకు నిరాకరించడం వల్ల కలిగే నష్టమే చాలా పెద్దది.

మెదడులో గాయం, మనిషిలో మార్పు

కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. మెదడు గాయానికి కట్టు ఉండదు. ముఖం మునుపటిలాగే ఉంటుంది, నడక ఉంటుంది, మాట ఉంటుంది. అందుకే చూసేవారు పూర్తి ఆరోగ్యవంతుని నుండి ఆశించినదంతా అతని నుండీ ఆశిస్తారు.

మెదడులోని ఒక్కో భాగానికి ఒక్కో పని ఉన్నది. కణతల వైపు ఉండే భాగాలు జ్ఞాపకాన్ని, భాషను, భావోద్వేగాలను చూసుకుంటాయి. నుదుటి వెనుక ఉండే భాగం ఆవేశాన్ని అదుపులో పెట్టడం, ముందూ వెనుకా ఆలోచించడం, ఒక పనిని మొదలుపెట్టి పూర్తి చేయడం వంటి విధులను నిర్వర్తిస్తుంది. ఈ రెండవ భాగం దెబ్బతిన్న మనిషి రెండు రకాలుగా మారవచ్చు. ఒకరు అదుపు లేకుండా మాట్లాడతారు, చిన్న విషయానికి రగిలిపోతారు. మరొకరు ఏ పనిపైనా ఆసక్తి లేక, ఎవరో లేపితే తప్ప లేవకుండా ఉండిపోతారు. మొదటివారిని ‘పొగరు’ అంటాము, రెండవవారిని ‘బద్ధకం’ అంటాము. రెండూ ఒకే గాయపు రెండు ముఖాలని మనకు తట్టదు.

హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపు ముఖ్యంగా కణత భాగాలపై దాడి చేస్తుంది. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ బ్రిటన్‌కు చెందిన సంగీతజ్ఞుడు క్లైవ్ వేరింగ్. 1985లో ఈ వ్యాధి సోకిన తరువాత ఆయనకు కొన్ని సెకండ్లకు మించి ఏదీ గుర్తుండలేదు. భార్య గది నుండి బయటకు వెళ్ళి తిరిగివస్తే, ఎన్నో ఏళ్ళ తరువాత చూసినట్టు ఆనందించేవారు. అయినా ఆమె పట్ల ప్రేమ, వేళ్ళలోని సంగీత నైపుణ్యం ఆయనలో చెక్కుచెదరలేదు. ఆయన భార్య డెబోరా ఆ జీవితాన్ని గ్రంథస్థం చేశారు. బ్రిటన్‌లో మెదడువాపు బాధిత కుటుంబాల కోసం పనిచేయడంలోనూ ఆమె పాలుపంచుకున్నారు. మన ఇళ్ళలో కనిపించే సమస్య ఇంత తీవ్రంగా ఉండకపోవచ్చు. కాని ఒక్క విషయం అందరికీ వర్తిస్తుంది. వ్యాధి మనిషిలో కొంత తీసుకుపోతుంది, కొంత మిగులుస్తుంది. పోయినదాని గురించి మాత్రమే మాట్లాడే ఇంట్లో మిగిలినది కూడా వాడిపోతుంది.

అన్నిటికంటె ఎక్కువమందిని బాధించేది అలసట. అర గంట సంభాషణ, సంతలో కాసేపు తిరగడం, పిల్లల అల్లరి మధ్య భోజనం వంటి సామాన్య విషయాలు కూడా వారిని నీరసింపజేస్తాయి. గాయపడిన మెదడు శబ్దాలను వడకట్టలేదు. ఫ్యాను చప్పుడు, టీవీ, నలుగురి మాటలు ఒకేసారి మీద పడతాయి. విందులో రోగి హఠాత్తుగా లేచి వెళ్ళిపోతే “మర్యాద తెలియదు” అనుకోవడం పొరపాటు. అతని సామర్థ్యం అక్కడికి అయిపోయింది, అంతే.

ఇంకొక చిక్కు ఏమంటే, కొందరికి తమలోని లోపం తమకే తెలియదు. “నాకేమీ కాలేదు, మీరే కావాలని అంటున్నారు” అని వాదిస్తారు. తన లోపాన్ని తాను గుర్తించే శక్తి కూడా మెదడు పనే. ఆ శక్తి దెబ్బతిన్నవారితో వాదించి గెలవడం సాధ్యం కాదు. సాక్ష్యాలు చూపి ఒప్పించాలనే ప్రయత్నం మాని, పనిని చిన్న ముక్కలుగా చేసి పక్కన నిలబడటమే మేలు.

అనుమానాలు, అపనిందలు

ప్రవర్తన మారిన ప్రతి రోగి విషయంలోనూ మన ఇళ్ళలో మొదట వచ్చే మాట జిన్ను, చేతబడి, దిష్టి. ఆ దారిలో వెళ్ళిన కుటుంబం తాయెత్తులకు, ఆమిల్‌లకు డబ్బు, అంతకంటె విలువైన కాలం పోగొట్టుకుంటుంది. కొన్నిచోట్ల ‘వదిలించే’ పేరుతో రోగిని కొట్టడం, పొగ పెట్టడం, గొలుసులతో కట్టివేయడం కూడా జరుగుతున్నాయి. రోగానికి చికిత్స చేయించుకోవలసిందిగా దైవప్రవక్త (స) బోధించిన విషయం మనకు తెలిసినదే. దుఆకూ మందుకూ మధ్య పోటీ లేదు. దుఆ చేస్తూనే ఆసుపత్రికి వెళ్ళవచ్చు. బలహీనుణ్ణి హింసించడానికి మాత్రం ధర్మంలో ఏ ఆధారమూ లేదు.

ఇక్కడ వైద్యపరమైన ఒక విషయం ప్రతి కుటుంబానికీ తెలియాలి. హెర్పిస్ మెదడువాపు నయమై ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు కొందరిలో మళ్ళీ వింత ప్రవర్తన, భ్రమలు, నిద్రలేమి, ముఖమూ చేతులూ అసంకల్పితంగా కదలడం మొదలుకావచ్చు. శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరపాటున మెదడుపైనే దాడి చేయడం దీనికి ఒక కారణం. 2007లో శాస్త్రజ్ఞులు ఈ రకపు వ్యాధిని స్పష్టంగా గుర్తించారు. దీనికి చికిత్స ఉన్నది. త్వరగా మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. కనుక నయమైన మనిషి మళ్ళీ విచిత్రంగా ప్రవర్తిస్తే మొదట తట్టవలసినది నరాల వైద్యుని తలుపు.

మందుల ప్రభావాన్ని కూడా గుర్తుంచుకోవాలి. క్షయ చికిత్సలో వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్లు నిద్రను, మనఃస్థితిని మార్చగలవు. మూర్ఛ రాకుండా ఇచ్చే కొన్ని మందులు చిరాకును పెంచగలవు. ఇలాంటప్పుడు మందు ఆపివేయకూడదు. మార్పును వైద్యునికి చెబితే మోతాదునో మందునో మారుస్తారు. హఠాత్తుగా ఆపితే మూర్ఛలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు.

ఇక ముస్లిం కుటుంబాలలో ప్రత్యేకంగా వినిపించే ఒక అపనింద ఉన్నది. మెదడులో నాడాపురుగు తిత్తులు ఏర్పడి మూర్ఛలు వచ్చే వ్యాధి మన దేశంలో తరచుగా కనిపిస్తుంది. ఈ పురుగుకు పంది మాంసంతో సంబంధముందని ఎక్కడో చదివినవారు రోగిని అనుమానంగా చూస్తారు. “ఎక్కడ, ఎప్పుడు హరామ్ తిన్నావు?” అని నిలదీసిన ఇళ్ళున్నాయి. నిజం వేరు. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగులో పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు ఏర్పడేది మాత్రం ఆ పురుగు గుడ్ల వల్ల. పేగులో పురుగు ఉన్న మనిషి మలం ద్వారా వెలువడే ఆ గుడ్లు నీటి ద్వారా, పచ్చి కూరగాయల ద్వారా, శుభ్రం చేసుకోని చేతుల ద్వారా ఎవరి కడుపులోకైనా చేరవచ్చు. జీవితంలో ఎన్నడూ పంది మాంసం ముట్టనివారికి కూడా ఈ వ్యాధి వస్తుంది. న్యూయార్కు నగరంలో నిష్ఠగా ఆహార నియమాలు పాటించే యూదు కుటుంబాలలో ఈ వ్యాధి కనిపించిన సంగతి 1992లో వైద్య పత్రికలో ప్రచురితమైంది కూడా. కనుక రోగి నిష్ఠను శంకించడం అన్యాయం. కొత్తిమీరను, క్యారట్‌ను, సలాడ్ ఆకులను శుభ్రమైన నీటితో బాగా కడగడం, మలవిసర్జన తరువాత, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం అసలైన రక్షణ.

జపనీస్ మెదడువాపు విషయంలోనూ ఇదే గందరగోళం ఉన్నది. ఆ వైరస్ పందులలోనూ నీటి పక్షులలోనూ వృద్ధి చెంది దోమ ద్వారా మనిషిని చేరుతుంది. తిండితో దానికి సంబంధం లేదు. ఒక మనిషి నుండి మరొక మనిషికి అది సోకదు కూడా. మెదడు పొరల క్షయ ఉన్నవారికి ఊపిరితిత్తులలో క్షయ లేకపోతే వారి నుండి ఇతరులకు అంటదు. మెనింగోకాకస్ వంటి కొన్ని బ్యాక్టీరియా మెనింజైటిస్‌లలో మాత్రం దగ్గరగా మెలిగినవారికి వైద్యులు ముందు జాగ్రత్తగా మందు ఇస్తారు. చికిత్స పూర్తయి ఇంటికి వచ్చినవారి కంచం, గ్లాసు వేరు చేయవలసిన అవసరం లేదు. వేరు చేసిన కంచం చేసే గాయం చాలా కాలం మానదు.

రోగి మనసులో

చుట్టూ ఉన్నవారు బాహ్య ప్రవర్తననే చూస్తారు. లోపల జరుగుతున్నది మరొకటి. నిన్నటి దాకా లెక్కలు చూసిన వ్యాపారి ఈ రోజు చిల్లర లెక్కపెట్టలేక కొడుకు వైపు చూస్తాడు. నలభై మందికి వంట చేసిన స్త్రీ పొయ్యి మీద గిన్నె పెట్టి మరచిపోతుంది. కంఠస్థం చేసిన సూరాలు మధ్యలో తెగిపోతే ఒక హాఫిజ్ పడే బాధను ఊహించండి. ఇది ఒక రకమైన వియోగం. చనిపోయినవారి కోసం ఏడవడానికి సమాజం అనుమతిస్తుంది. పోగొట్టుకున్న తన సామర్థ్యం కోసం తానే దుఃఖించే మనిషికి ఆ అనుమతి కూడా ఉండదు. “బతికావు, అదే పదివేలు” అని నోరు మూయిస్తారు.

ఆ దుఃఖానికి తోడు భయం ఉంటుంది. మళ్ళీ జ్వరం వస్తుందేమో, నలుగురిలో మూర్ఛ వస్తుందేమో, వీధిలో పడిపోతే బట్టలు తొలగుతాయేమో అన్న భయంతో కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, గడప దాటడం మానేస్తారు. కుంగుబాటు, ఆందోళన వీరిలో సాధారణం. వీటికి మెదడు గాయం ఒక కారణమైతే, మారిన జీవితం మరొక కారణం. రెండింటికీ చికిత్స ఉన్నది. నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, “నేను మీకు భారం” అని పదేపదే అనడం, మరణం గురించి మాట్లాడటం గమనిస్తే ఉపదేశాలతో సరిపెట్టకూడదు. ఈమాన్ బలహీనమైందని నిందించడం మరీ ప్రమాదకరం. వెంటనే మానసిక వైద్యునికి చూపించాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా లభిస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు.

నమాజు రకాతులు మరచిపోయి మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టే రోగులుంటారు. వారిని మందలించేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి. శక్తికి మించిన బాధ్యత ఎవరిపైనా లేదన్నది, మతిస్థిమితం లేనివారిపై ధార్మిక బాధ్యత ఉండదన్నది మన ధర్మశాస్త్రంలో అందరూ అంగీకరించిన సూత్రాలు. ధర్మం ఇచ్చిన వెసులుబాటును ఇల్లు ఇవ్వకపోవడం విచిత్రం. పక్కన నిలబడి ఒకరు నమాజు చేస్తే వారిని చూస్తూ రోగి సులభంగా పూర్తి చేయగలడు.

సంరక్షకురాలి సంగతి

‘సంరక్షకురాలు’ అని స్త్రీలింగంలో రాయడం యాదృచ్ఛికం కాదు. మన ఇళ్ళలో ఈ బాధ్యత తల్లికో, భార్యకో, పెళ్ళి కాని అక్కకో వెళుతుంది. రాత్రి మూర్ఛ వస్తుందేమోనని నిద్ర కాచేది ఆమె. మందుల వేళ గుర్తుంచుకునేది ఆమె. కోపం వచ్చినప్పుడు తిట్లు పడేది కూడా ఆమే. ఉమ్మడి కుటుంబంలో పదిమంది ఉన్నా భారం ఒక్కరి భుజంపైనే నిలిచిపోతే ఆ కుటుంబం పేరుకే ఉమ్మడి.

మారిన భర్తతో జీవించే స్త్రీ బాధ మరీ సున్నితమైనది. మనిషి ఎదురుగానే ఉంటాడు. తాను నికాహ్ చేసుకున్న స్వభావం మాత్రం కనిపించదు. ఆమె ఆ మాట చెప్పుకుంటే కృతఘ్నురాలంటారు. ఇక రోగి భార్య అయితే, ఎన్నోచోట్ల ఆమెను పుట్టింటికి పంపి చేతులు దులుపుకోవడం కనిపిస్తుంది. భర్త జబ్బుపడితే భార్య సహనానికి మెచ్చుకోలు, భార్య జబ్బుపడితే భర్తకు రెండవ సంబంధం చూడటం ఏ న్యాయమో పెద్దలు తమను తాము ప్రశ్నించుకోవాలి.

చేయగలిగిన పనులు చిన్నవే. వారంలో ఒక పూట మరిది, ఆడపడుచు, అన్న ఎవరో ఒకరు రోగి దగ్గర కూర్చుంటే ఆమెకు నిద్ర దొరుకుతుంది. రాత్రి కాపలాను వంతులవారీగా పంచుకోవచ్చు. ఇంట్లో జబ్బుపడిన బిడ్డకు తోబుట్టువులుంటే వారి చదువు, వారి మాట కూడా వినాలి. “నువ్వు బాగానే ఉన్నావుగా” అన్న వాక్యం కింద పెరిగే పిల్లలు లోలోపల ఎంతో దాచుకుంటారు. పరామర్శకు వెళ్ళినవారు రోగి తలపై చేయి వేసి వచ్చేయకుండా, వంటగది వైపు వెళ్ళి “నీవెలా ఉన్నావమ్మా?” అని ఒక్క మాట అడగాలి. అదీ ఇయాదత్‌లో భాగమే.

బడి, పని, పెళ్ళి

కోలుకున్న బిడ్డను నేరుగా పాత తరగతిలో, పాత మార్కుల అంచనాలతో కూర్చోబెట్టడం వల్ల ఎక్కువ నష్టం జరుగుతుంది. మొదట రోజుకు రెండు గంటలు, తరువాత ఒక పూట, ఆపైన పూర్తి రోజు బడి అనే క్రమం పాటించాలి. ముందు బల్లలో కూర్చోబెట్టడం, పరీక్షలో అదనపు సమయం ఇవ్వడం, చెప్పినది రాసి ఇవ్వడం ఉపాధ్యాయులు చేయగల సహాయాలు. బ్యాక్టీరియా మెనింజైటిస్ తరువాత వినికిడి తగ్గడం మామూలు. కాబట్టి పిల్లవాడు ‘మాట వినడం లేదు’ అని కొట్టే ముందు వినికిడి పరీక్ష చేయించాలి.

మూర్ఛ మిగిలినవారి విషయంలో సమాజం ఇంకా వెనుకబడే ఉన్నది. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించడం నిష్ప్రయోజనం. నోట్లో చెంచా పెట్టడం ప్రమాదకరం. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసివేసి, తల కింద మెత్తనిది పెట్టి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. సమయం చూసుకోవాలి. ఐదు నిమిషాలలో ఆగకపోయినా, స్పృహ రాకముందే మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మూర్ఛ వచ్చేవారు స్నానాల గదికి లోపల గడియ పెట్టుకోకూడదు. వాహనం నడపడం గురించి వైద్యుని సలహా పాటించాలి.

పెళ్ళి విషయంలో రెండు తప్పులు జరుగుతున్నాయి. ఒకటి, మూర్ఛ ఉన్నవారికి పెళ్ళే వద్దనుకోవడం. హిందూ వివాహ చట్టంలో, ప్రత్యేక వివాహ చట్టంలో మూర్ఛను వివాహానికి అడ్డంకిగా పేర్కొన్న మాటను 1999లో పార్లమెంటు తొలగించింది. మూర్ఛ ఉన్న ఎందరో సంసారాలు చేస్తున్నారు, పిల్లల్ని కంటున్నారు. స్త్రీలు మాత్రం గర్భం దాల్చకముందే తమ మందు గురించి వైద్యునితో మాట్లాడాలి. మూర్ఛ మందులలో కొన్ని కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. రెండవ తప్పు, విషయం దాచిపెట్టి నికాహ్ జరిపించడం. దాచిన జబ్బుకు మందు కూడా దాచి వేసుకోవలసి వస్తుంది. దాచి వేసుకునే మందు ఏదో ఒక రోజు తప్పిపోతుంది. నిజం చెప్పి కుదిరిన ఒక్క సంబంధం, దాచి కుదిరిన పది సంబంధాల కంటె శ్రేయస్కరం.

రమజాన్ మాసంలో

రోగికి ఉపవాసం నుండి ఇచ్చిన మినహాయింపు దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. అయినా నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచంతో చాలామంది రోగులు మందు వేళలు మార్చుకుని ఉపవాసాలు పాటిస్తారు. మూర్ఛ మందు ఒక పూట తప్పినా, సహరీ, తరావీహ్‌ల వల్ల నిద్ర తెగిపోయినా మూర్ఛ రావచ్చు. క్షయ మందులు వేసుకునేవారు కూడా వైద్యునితో ముందే మాట్లాడాలి. రమజాన్‌కు ఒక నెల ముందు వైద్యుని, ఆ తరువాత ఆలిమ్‌ను సంప్రదించి నిర్ణయించుకోవడం మంచి పద్ధతి. ఉపవాసం లేని రోగిని “అంత బాగానే కనిపిస్తున్నావే” అని ప్రశ్నించే అధికారం ఎవరికీ లేదు. కనిపించని గాయం ఉన్నవారికి ఆ ప్రశ్న చాలా బరువైనది.

అందుబాటులో ఉన్న సహాయం

మెదడు పొరల క్షయకు చికిత్స సాధారణంగా ఏడాది పాటు సాగుతుంది. రెండు నెలలకు ఒంట్లో బాగుందని మందు ఆపినవారు వ్యాధిని మరింత మొండిగా మార్చుకుంటారు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషకాహారం కోసం చికిత్సాకాలంలో నెలకు 1,000 రూపాయలు రోగి ఖాతాలో జమ చేసే పథకం ఉన్నది.

వ్యాధి వల్ల శాశ్వత లోపం మిగిలితే, వికలాంగుల హక్కుల చట్టం 2016 వారికి వర్తిస్తుంది. బుద్ధిమాంద్యం, మానసిక రుగ్మత, దీర్ఘకాలిక నరాల వ్యాధులు ఆ చట్టంలోని 21 రకాల వైకల్యాలలో ఉన్నాయి. నడవగలిగినవారికి వైకల్య ధ్రువపత్రం రాదని చాలామంది అనుకోవడం సరికాదు. సదరం శిబిరంలో పరీక్షించి 40 శాతం లేదా అంతకంటె ఎక్కువ వైకల్యం ఉన్నట్టు నిర్ధారిస్తే పింఛను, రాయితీలు, పిల్లలకు 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య వంటి ప్రయోజనాలకు అర్హత లభిస్తుంది. బుద్ధి వికాసంలో వెనుకబడిన పిల్లలకు సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో పరీక్షలు, శిక్షణ అందుబాటులో ఉన్నాయి. ఇవన్నీ దయాదాక్షిణ్యాలు కావు, హక్కులు. వాటిని అడగడంలో సిగ్గుపడవలసినది లేదు.

ఇంట్లో చేయవలసినవి ఇంకా సులభం. గోడ మీద పెద్ద క్యాలెండరు, మందులకు వారపు డబ్బా, ఒక నోటు పుస్తకం ఉంచాలి. లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ రోజూ ఒకటే ఉండాలి. ఒకసారి ఒక పనే చెప్పాలి. మధ్యాహ్నం కొంత విశ్రాంతి తప్పనిసరి. కోపం పెరుగుతున్నప్పుడు వాదన ఆపి గది మార్చాలి. ఏదైనా ఒక చిన్న బాధ్యత, మొక్కలకు నీరు పోయడమో, మస్జిద్‌కు వెళ్ళేవారి చెప్పులు సర్దడమో, రోగి చేతిలో పెట్టాలి. తాను ఎవరికో ఉపయోగపడుతున్నానన్న భావన మనసును నిలబెడుతుంది. మెరుగుదల మొదటి ఏడాదిలో వేగంగా కనిపించినా, ఆ తరువాత కూడా నెమ్మదిగా సాగుతుంది. కనుక ఆరు నెలలకే ఆశ వదులుకోవడం తగదు.

నివారణ మాట కూడా చెప్పుకోవాలి. పుట్టిన బిడ్డకు వేసే బి.సి.జి. టీకా తీవ్రమైన మెదడు పొరల క్షయ నుండి రక్షణనిస్తుంది. జపనీస్ మెదడువాపు ప్రబలే జిల్లాలలో 9వ నెల నిండాక ఒకటి, 16 నుండి 24 నెలల మధ్య మరొకటి టీకా ఉచితంగా వేస్తారు. టీకాపై వదంతులు నమ్మి బిడ్డను దూరంగా ఉంచడం తల్లిదండ్రులు తమకు అప్పగించబడిన అమానతు పట్ల చేసే నిర్లక్ష్యం.

మన వీధిలో, మన బంధువర్గంలో ఇటువంటి వ్యాధి నుండి బయటపడినవారు ఒకరైనా ఉండవచ్చు. ఈ నెలలో వారింటికి ఒకసారి వెళదాం. కొద్దిసేపే కూర్చుందాం, నెమ్మదిగా మాట్లాడదాం, చెప్పినదే మళ్ళీ చెప్పినా ఓపికగా విందాం. తిరిగివచ్చేటప్పుడు ఆ ఇంటి స్త్రీ మోస్తున్న బరువులో ఏ కొంచెం మనం పంచుకోగలమో అడిగి తెలుసుకుందాం. రోగులందరికీ అల్లాహ్ స్వస్థతను, వారిని కనిపెట్టుకుని ఉన్నవారికి సహనాన్ని, మనకు అర్థం చేసుకునే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.